వేడెక్కి ఆగుతోందా, వేడెక్కాక ఆగుతోందా: ఒక పాత మారుతి 800 కేసు

ఇది 2025 వేసవిలో నా షెడ్డుకు వచ్చిన బండి కథ. యజమానిని అడిగే రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి నంబరు ఇందులో ఉండవు. అంతకుముందు ఆ బండి మీద చెయ్యి వేసిన మెకానిక్కుల వివరాలు కూడా రాయను. వాళ్ళు పడ్డ గోతిలోనే మొదటిసారి నేనూ పడ్డాను కాబట్టి, ఎవరినీ అనే హక్కు నాకు లేదు.

కావలి దగ్గర హైవే పక్కన నాకు చిన్న షెడ్డు ఉంది. ఎక్కువగా పాత పెట్రోలు బండ్లే వస్తాయి. కొత్త బండికి స్కానర్ తగిలిస్తే ఏదో ఒక కోడ్ చూపిస్తుంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌లోకి పంపే పాతకాలపు భాగం) ఉన్న బండికి ఆ సౌకర్యం లేదు. అందుకే ఇప్పటి కుర్రాళ్ళు చాలామంది బానెట్ ఎత్తి, లోపల కార్బురేటర్ కనపడగానే దించేస్తారు. తరవాత ఆ బండి నా దగ్గరికి వస్తుంది.

బండి, మనిషి

1996 మోడల్ మారుతి 800. నాలుగు గేర్లు, కార్బురేటర్ ఇంజిన్. ప్రకాశం జిల్లా రిజిస్ట్రేషన్, పాత ఏపీ 27 సిరీస్. యజమాని రిటైరైన బడిపంతులు గారు, బండికి రెండో ఓనరు. కొని ఇరవై ఏళ్ళు దాటింది. కిలోమీటర్ల మీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఎంత తిరిగిందో ఎవరికీ తెలియదు. నెలకు రెండు మూడుసార్లు ఒంగోలుకో కావలికో వెళ్తారు. మిగతా రోజులు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది.

ఈ ఇంజిన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మారుతి 800 మొదట వచ్చింది 1983 డిసెంబరులో. 1986లో బాడీ మారింది. 2014 మొదట్లో తయారీ ఆగింది. ఆ ముప్పై ఏళ్ళలో ఎక్కువ భాగం దానిలో ఉన్నది సుజుకీ ఎఫ్8బి ఇంజిన్. మూడు సిలిండర్లు, మొత్తం 796 సీసీ. పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒకటే, దాన్ని తిప్పేది టైమింగ్ బెల్టు. సిలిండర్‌కు రెండు చొప్పున ఆరు వాల్వులు. ఓమ్నీలో కూడా ఇదే ఇంజిన్. కాకపోతే అక్కడ సీట్ల కింద నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది, 800లో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. 2000 ప్రాంతంలో కార్బురేటర్ బదులు ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి, వచ్చింది. సిలిండర్‌కు నాలుగు వాల్వులున్న ఎఫ్8డి కూడా ఆ రోజుల్లోనే వచ్చింది, దానిదీ 796 సీసీనే.

అందువల్ల షాపుకు వెళ్ళి “800 ఇంజిన్ సామాను” అని అడిగితే అరడజను రకాల సామాన్లలో ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఈ కేసంతా నడిచింది అక్కడే. కానీ ఆ సంగతి నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

మాస్టారు చెప్పింది

మే నెల రెండో వారం. మధ్యాహ్నం పూట హైవే మీద ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు నడిచాక ఇంజిన్ రెండు మూడుసార్లు కుదుపుతుంది, తరవాత తాళం చెవి తిప్పేసినట్టు ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గాని అందుకోదు. ఇరవై నిమిషాలో అరగంటో చెట్టు కింద ఆపితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఈసారి ఇరవై కిలోమీటర్లకే మళ్ళీ అదే. తెల్లవారుజామున వెళ్తే మాత్రం ఒంగోలు దాకా ఎక్కడా ఆగదు.

“హీటెక్కి ఆగిపోతోందని అందరూ అంటారు అబ్బయ్యా. నేను చూస్తానే ఉంటా, ముల్లు సగం గూడా దాటదు. అయినా ఆగిపోద్ది,” అన్నారు.

ఈ వాక్యాన్ని ఆయన అప్పటికి నలుగురు మెకానిక్కులకు చెప్పారట. అయిదోవాణ్ణి నేను. నేనూ తల ఊపి బానెట్ ఎత్తాను.

ఆయన వెంట ఒక గుడ్డ సంచి తెచ్చారు. అందులో రెండేళ్ళ బిల్లులు, కొన్ని పాత సామాన్లు. పంతులుగారు కదా, ఒక్క కాగితం పారేయలేదు. థర్మోస్టాట్ (ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రాడియేటర్‌కు పోనివ్వని మూత) పీకేశారు. రాడియేటర్ ఫ్యాన్ స్విచ్ తీసేసి, తాళం వేస్తే చాలు ఫ్యాన్ తిరిగేలా డైరెక్ట్ చేశారు. రాడియేటర్ మార్చారు. హెడ్ గ్యాస్కెట్ మార్చారు. కార్బురేటర్ కిట్ వేశారు. వీటితో పాటు ఇగ్నిషన్ కాయిల్ రెండుసార్లు, కండెన్సర్ మూడుసార్లు, పాయింట్లు నాలుగు సెట్లు. ఈ మూడూ ప్లగ్గుల దగ్గర మెరుపు పుట్టించేవి: పాయింట్లు కాయిల్‌కు పోయే కరెంటును కలిపి తెంచుతుంటాయి, తెంచినప్పుడల్లా కాయిల్ ఎక్కువ వోల్టేజీ పుట్టిస్తుంది, కండెన్సర్ పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను తగ్గిస్తుంది. అప్పుడు నేను ఆ బిల్లులను చూసి “పాపం ఎంత ఖర్చయిందో” అనుకున్నానే తప్ప, అవి నాకు ఏదో చెబుతున్నాయని అనుకోలేదు. రెండేళ్ళలో నాలుగు సెట్ల పాయింట్లు! నెలకు మూడుసార్లు తిరిగే బండికి. అక్కడే ఆగాల్సింది.

నేను మొదట చేసిన పని, అది ఎందుకు తప్పయింది

నా ఆలోచన ఇలా సాగింది. ముల్లు సగం దాటట్లేదంటే నీళ్ళు మరగట్లేదు. కాబట్టి హెడ్, రాడియేటర్ సంగతి పక్కన పెట్టవచ్చు. ఇంతవరకూ సరే. మరి వేడికి ఆగి, చల్లారితే స్టార్టయ్యేది ఇంకేముంది? పెట్రోలు. ఈ బండిలో ఇంజిన్ పక్కనే బిగించి, క్యామ్‌షాఫ్ట్‌తో నడిచే మెకానికల్ పంపు ఉంటుంది. మే నెల ఎండ, ఇంజిన్ సెగ కలిసి పంపు దగ్గరో పైపులోనో పెట్రోలు ఆవిరైతే, పంపు ఆవిరిని కొడుతుంది గాని పెట్రోలును తోయలేదు. మన వైపు వేసవిలో కార్బురేటర్ బండ్లకు ఇది మామూలే. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. నెలకు మూడుసార్లు తిరిగే బండి ట్యాంకులో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

ట్యాంకు దించితే అడుగున నిజంగానే నీళ్ళు, తుప్పు ఉన్నాయి. పైపులు వేలితో నొక్కితే జిగురుగా ఉన్నాయి. పంపు లోపలి రబ్బరు పొర (డయాఫ్రం) సాగింది. ఇన్ని దొరికాక ఏ మెకానిక్ అయినా ఏమనుకుంటాడు? దొంగ దొరికాడనుకుంటాడు. ట్యాంకు కడిగి, ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేసి, పంపు మార్చి, రిటర్న్ లైను ఊది, పెట్రోలు పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపాను. టెస్టు డ్రైవ్ కోసం నెల్లూరు వైపు అరవై కిలోమీటర్లు తీసుకెళ్ళి తెచ్చాను. ఒక్క కుదుపు లేదు. బండి ఇచ్చేసి డబ్బులు తీసుకున్నాను.

టెస్టుకు నేను వెళ్ళింది సాయంత్రం ఆరున్నరకు. మధ్యాహ్నం షెడ్డులో పని ఉండె. సముద్రపు గాలి మొదలయ్యాక ఆ బండి ఎలాగూ ఆగదని మాస్టారు ముందే చెప్పారు. అంటే నేను రోగం లేని సమయం చూసి నాడి పట్టుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్. ఉలవపాడు దగ్గర మామిడికాయల కొట్టు పక్కన ఆగిపోయింది.

పెట్రోలు వైపు నేను చేసిన పని అనవసరమని అనను. అవన్నీ చెయ్యాల్సినవే. కానీ ఆ బండి ఆగడానికి అవి కారణం కాదు. పాత బండిలో వెతికితే ప్రతి మూలా ఒక లోపం దొరుకుతుంది. దొరికిన లోపం వల్లే బండి ఆగుతోందని రుజువు చేయకుండా నమ్మేయడం నా తప్పు.

మాట మార్చి ఆలోచించడం

ఆ రాత్రి ఒక కాగితం మీద రెండు మాటలు రాసుకున్నాను. “వేడెక్కి ఆగడం”, “వేడెక్కాక ఆగడం”. మొదటిది కారణం చెబుతుంది. రెండోది ఎప్పుడో చెబుతుంది, అంతే. మాస్టారు చెప్పింది రెండోది. మేం అయిదుగురం విన్నది మొదటిది. ఇంజిన్ నీళ్ళు వేడెక్కకపోయినా, బానెట్ కింద ఏదో ఒక వస్తువు తనంతట తాను వేడెక్కి చచ్చిపోవచ్చు, చల్లారాక బతకవచ్చు. అలా చేసేవి పెట్రోలు వైపు కొన్ని ఉన్నాయి, కరెంటు వైపు కొన్ని ఉన్నాయి. కరెంటు వైపు కాయిల్, కండెన్సర్, తాళం స్విచ్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే, కరెంటును తెంచే దాని మాడ్యూల్.

బండి ఆగి ఉన్నప్పుడే చూడాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కండెన్సర్ మార్చి చూద్దామంటే పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో కాయిల్ కూడా చల్లబడుతుంది. అప్పుడు బండి స్టార్టయితే అది కండెన్సర్ వల్లో, చల్లారడం వల్లో చెప్పలేం. సంచిలోని బిల్లుల వెనక ఉన్న కథ ఇదేనని నాకిప్పుడు అనిపిస్తుంది. ఎవరో రోడ్డు పక్కన ఏదో మార్చారు, ఈలోగా చల్లారింది, స్టార్టయింది, “చూశారా, ఇదే” అన్నారు.

అందుకని షెడ్డులోనే తయారీ చేసుకున్నాను. బాగున్నదని తెలిసిన ఒక కాయిల్‌ను పక్కనే కట్టి, వైర్లు వేసి, ఒక్క నిమిషంలో మార్చేలా పెట్టాను. ఇంకో కండెన్సర్‌కు క్లిప్పు తగిలించి సిద్ధంగా ఉంచాను. పెట్రోలు కనపడే పారదర్శకపు ఫిల్టర్ వేశాను. ఒక పాత ప్లగ్గుకు ఎర్త్ వైరు కట్టాను. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు ఒంగోలు వైపు బయలుదేరాను.

సింగరాయకొండ ఇంకా రాకముందే కుదిపింది, ఆగింది. పక్కకు తీశాను. ముల్లు సగానికి కాస్త కిందే ఉంది.

ఫిల్టర్ నిండా పెట్రోలు. ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగ లాగితే పెట్రోలు చిమ్మింది. అంటే పెట్రోలు ఉంది. పాత ప్లగ్గును బ్లాకుకు ఎర్త్ చేసి, మాస్టారిని సెల్ఫ్ కొట్టమన్నాను. ఏమీ లేదు. రెండోసారి ఒక్క ఎర్రటి మెరుపు, అది కూడా చచ్చు మెరుపు. కాయిల్ మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. ఇంజిన్ బ్లాకు మీద పెట్టగలిగినంత సేపు కూడా దాని మీద చెయ్యి నిలవలేదు.

వైర్లు పక్క కాయిల్‌కు మార్చాను. నిమిషం కూడా పట్టలేదు. సెల్ఫ్ తాకగానే స్టార్ట్. ఆపి, మళ్ళీ ఆ వేడి కాయిల్‌కే తగిలించాను. స్పార్క్ లేదు. మళ్ళీ మంచి కాయిల్. స్టార్ట్. కండెన్సర్‌ను తాకనే లేదు. ఇలా అటూ ఇటూ రెండుసార్లు మారిస్తే తప్ప రోడ్డు మీద చేసిన పరీక్షను నేనిప్పుడు నమ్మను.

“ఇంకేంది, కాయిల్ మార్చేస్తే సరిపోద్ది గదా,” అన్నారు మాస్టారు.

సరిపోదు. సంచిలో అప్పటికే రెండు కాయిల్ బిల్లులు ఉన్నాయి. ఒక్కోటి ఏడాది కూడా నడవలేదు. మూడోది వేస్తే మహా అయితే వచ్చే వేసవి దాకా నడుస్తుంది, నాకు మంచి పేరు వస్తుంది, తరవాత మళ్ళీ అదే రోడ్డు పక్కన అదే చెట్టు. కాయిల్ చచ్చిపోతోంది సరే, దాన్ని చంపుతున్నది ఏది?

ఇంజిన్‌ను గుర్తుపట్టడం

షెడ్డుకు తెచ్చాక ఆ రోజు వేరే పని పెట్టుకోలేదు. ఆ బండికి 2026లో ఆర్‌సీ రెన్యువల్ ఉంది. సొంత బండికి మొదటి పదిహేనేళ్ళు, తరవాత అయిదేళ్ళకోసారి రెన్యువల్. అప్పుడు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చూస్తారు. ఎలాగూ అవసరమే కదా అని బ్లాకు మీద మడ్డి గోకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి నంబరు చదివాను. ఎఫ్8బి. ఆర్‌సీలో ఉన్న నంబరే. బ్లాకు ఒరిజినల్.

ఇక్కడితో చాలామంది “ఇంజిన్ ఒరిజినలే” అని సంతోషపడతారు. కానీ ఆ నంబరు చెప్పేది బ్లాకు గురించే. దాని మీద ఉన్న హెడ్, డిస్ట్రిబ్యూటర్ (కరెంటును వంతులవారీగా మూడు ప్లగ్గులకూ పంచేది), కార్బురేటర్, ఆల్టర్నేటర్ ఏ బండివో నంబరు చెప్పదు. ముప్పై ఏళ్ళ బండిలో ఇవన్నీ ఒకే పుట్టుక అని అనుకోవడానికి వీల్లేదు. ఒక్కోదాన్ని విడిగా గుర్తుపట్టాలి.

డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. లోపల పాయింట్లు. అవి ఉన్నాయని బిల్లులను బట్టి తెలుసు. కానీ ఈ మోడల్‌లో ఉండాల్సింది అదేనా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. కార్బురేటర్ 800ల్లో పాయింట్ల డిస్ట్రిబ్యూటర్లు ఉన్నాయి, తరవాతి వాటిలో ఎలక్ట్రానిక్‌వి ఉన్నాయి. వైరింగ్ వెంట వేలితో తడుముకుంటూ వెళ్తే డిస్ట్రిబ్యూటర్ వెనక ఇన్సులేషన్ టేపు చుట్టిన ఒక ఖాళీ కప్లర్ (వైర్లు తగిలించే ముక్క) దొరికింది. దేనికీ తగలకుండా వేలాడుతోంది. అంటే ఒకప్పుడు ఇక్కడ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ ఉండేది.

మాస్టారిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి గుర్తు తెచ్చుకున్నారు. ఏడెనిమిదేళ్ళ కిందట ఏదో ఊరు వెళ్తుంటే బండి పూర్తిగా ఆగిపోయిందట. అక్కడి మెకానిక్ “లోపలి ఎలక్ట్రానిక్ ముక్క పోయింది, కొత్తది దొరకదు” అని పాత ఇంజిన్‌ది ఒక డిస్ట్రిబ్యూటర్ తెచ్చి బిగించాడు. బండి నడిచింది. అది మంచి పనే, నేనైనా అప్పుడు అదే చేసేవాణ్ణి. కాకపోతే మార్చిన సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు.

అప్పుడు మీటరు తీశాను. కాయిల్ లోపల రెండు తీగచుట్లు ఉంటాయి: బ్యాటరీ కరెంటు పోయేది ప్రైమరీ, ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది సెకండరీ. ప్రైమరీ రెసిస్టెన్స్, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందో, కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ముందు మీటరు రెండు తీగలను ఒకదానికొకటి తాకించి, తీగలదే ఎంత ఉందో చూసి తీసేయాలి. నా మీటరులో అది 0.3. కాయిల్ 1.8 చూపించింది. అంటే అసలు ఒకటిన్నర ఓమ్‌లు. సంచిలో ఉన్న రెండు పాత కాయిల్స్‌కూ అంతే వచ్చింది. వాటి సెకండరీ కూడా చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపింది. షెడ్డులో బల్ల మీద పెట్టి కొలిచిన ఎవరికైనా “కాయిల్ బాగుంది” అనిపిస్తుంది.

పాయింట్లతో నేరుగా పన్నెండు వోల్టుల మీద నడిచే కాయిల్‌కు ప్రైమరీ మూడు ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఒకటిన్నర ఓమ్‌ల కాయిల్స్ రెండు చోట్ల వాడతారు. కరెంటును అదుపు చేసే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉన్నచోట, లేదా మధ్యలో విడిగా ఒక రెసిస్టర్ పెట్టినచోట. ఈ బండిలో మాడ్యూల్ లేదు, రెసిస్టరూ లేదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ పద్నాలుగు వోల్టుల దాకా ఇస్తుంది. దాన్ని మూడుతో భాగిస్తే నాలుగున్నర ఆంపియర్ల పైన, ఒకటిన్నరతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్ల పైన. పాయింట్లు మూసుకున్న ప్రతిసారీ రెట్టింపు కరెంటు, కాయిల్‌లో రెట్టింపు వేడి. ఆ కరెంటును తెంచాల్సిన పాయింట్లు మాడిపోక ఏమవుతాయి?

మాస్టారి సంచిలోని నాలుగు సెట్ల పాయింట్లనూ బల్ల మీద వరసగా పేర్చాను. నాలుగింటి మీదా ఒకేలా నల్లగా కాలిన గుంట. అంతకుముందు ఎవరికీ అర్థం కాని బిల్లులన్నీ ఒకే సంగతి చెప్పడం మొదలుపెట్టాయి.

తప్పుడు కాయిల్ ఎలా వచ్చిందంటే, ప్రతిసారీ షాపులో “1996 మోడల్ 800 కాయిల్” అని అడిగారు. షాపాయన సరిగ్గానే ఇచ్చాడు, ఆ సంవత్సరపు ఎలక్ట్రానిక్ ఇంజిన్‌కు సరిపోయే కాయిల్. బండిలో ఉన్నది మాత్రం అంతకంటే పాతకాలపు డిస్ట్రిబ్యూటర్. అందరూ ఆర్‌సీ చూసి సామాను కొన్నారు, మూత తీసి చూసి కొనలేదు.

మూడు దారులు

సరి చెయ్యడానికి మూడు మార్గాలు కనిపించాయి. మొదటిది, మళ్ళీ ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వెతికి పెట్టడం. పాయింట్ల గోల ఉండదు, చూడ్డానికీ ఒరిజినల్. కానీ ఈ బండికి కొత్తది దొరకడం కష్టం. నెల్లూరు ఆటోనగర్‌లో పాతవి దొరుకుతాయి గాని, పాతది ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పలేం. అది దారిలో పోతే మాస్టారి ఊరి చుట్టుపక్కల బాగుచేసేవాడు లేడు. రెండోది, ఉన్న కాయిల్‌కు ముందు రెసిస్టర్ పెట్టడం. చవక. కానీ రేపు ఇంకో మెకానిక్ దాన్ని చూసి “ఇదేంది అనవసరంగా” అని పీకేస్తాడు. అలా పీకేసిన బండ్లు నేను చూశాను. మూడోది, పాయింట్లు అలాగే ఉంచి మూడు ఓమ్‌ల కాయిల్ వేయడం.

మూడోదే చేశాను. పాయింట్లకు ఒక గొప్పతనం ఉంది. అవి ఒక్కసారిగా చావవు, ముందు నుంచే మూలుగుతాయి. ఏ పల్లెలో ఆగినా సన్నటి ఆకురాయితో గీకి, గ్యాప్ పెడితే ఇల్లు చేరవచ్చు. డెబ్బై ఏళ్ళ మనిషి నడిపే బండికి అది చిన్న విషయం కాదు. కాయిల్‌ను షాపులోనే మీటరు పెట్టి కొలిచి కొన్నాను. డబ్బా మీద రాసింది చూసి కొనలేదు. షాపాయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో 0.4కూ 0.5 మిల్లీమీటర్లకూ మధ్య పెట్టాను. కొత్త కండెన్సర్ వేశాను. గ్యాప్ మారితే టైమింగ్ (మెరుపు పడే క్షణం) కూడా మారుతుంది కాబట్టి, గ్యాప్ తరవాతే టైమింగ్ లైటు పట్టాను. చాలామంది వరస తారుమారు చేస్తారు. కాయిల్‌ను ఇంజిన్ సెగకు కాస్త దూరంగా, గాలి తగిలే చోటికి జరిపాను.

ఇంకో చిన్న సంగతి బయటపడింది. బండి ఎక్కడైనా గేటు పడి ఆగితే మాస్టారు ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లోనే ఉంచి పాటలు వింటారు. ఇంజిన్ ఆగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉన్నాయంటే ఆ పాట అయినంతసేపూ కాయిల్‌లో కరెంటు పోతూనే ఉంటుంది. ఇక మీదట అలా పెట్టవద్దని చెప్పాను. పాటలు వద్దని కాదు, తాళం ఒక గడి వెనక్కి తిప్పి వినమన్నాను.

వెనక్కి తిప్పిన పనులు

అసలు రోగం దొరికాక, దాని పేరున అంతకుముందు చేసిన వైద్యాలను సరి చెయ్యడం మిగిలింది. థర్మోస్టాట్ లేకుండా, ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండడంతో ఈ ఇంజిన్ హైవే మీద సరైన వేడికి రానే రాలేదు. ప్లగ్గులు మూడూ మసిపట్టి ఉన్నాయి. లీటరుకు పదకొండు పన్నెండు కిలోమీటర్లకు మించి రావట్లేదని మాస్టారి లెక్కల పుస్తకంలో ఉంది. థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా ఉంటుందన్నది మన వైపు పాతుకుపోయిన నమ్మకం. రాడియేటర్ మూసుకుపోయిన బండిని అది కొన్నాళ్ళు కాపాడవచ్చు. బాగున్న బండికి మాత్రం అది పెట్రోలు తాగించే పని. కొత్త థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్ళు కాచి, తెరుచుకుంటోందో లేదో కళ్ళతో చూశాకే బిగించాను. ఫ్యాన్ స్విచ్ కూడా పెట్టాను.

రాడియేటర్ మూత తీస్తే అంచున తెల్లటి పెచ్చు. బోరు నీళ్ళు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు, కనిగిరి వైపు వెళ్తే ఫ్లోరైడ్. మనం తాగడానికి ఒప్పుకోని నీళ్ళను ఇంజిన్‌కు తాగిస్తాం. కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోశాను.

కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి, కూడా చూశాను. మూడు సిలిండర్లలో రెండు బాగున్నాయి, మూడోది కొంచెం తక్కువ. దానిలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే పెద్దగా పెరగలేదు. అంటే పిస్టన్ రింగుల కంటే వాల్వు వైపే అనుమానం. ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి ఖాళీ, సరిచేస్తే కొంత మెరుగైంది. హెడ్ దించి వాల్వులు గ్రైండ్ చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. వద్దన్నాను. నెలకు మూడుసార్లు తిరిగే బండికి ఆ ఖర్చు ఇప్పుడు పెట్టించడం న్యాయంగా అనిపించలేదు. ఏడాదికోసారి కొలిచి, పడిపోతుంటే అప్పుడు చూద్దామని రాసి ఇచ్చాను.

ఒకటి మాత్రం సరికాలేదు. ఆ పాత డిస్ట్రిబ్యూటర్‌కున్న వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పును బట్టి మెరుపును ముందుకు జరిపేది) డయాఫ్రం చిరిగి ఉంది. పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే గాలి ధారాళంగా వచ్చేస్తోంది, లోపల ప్లేటు కదలడం లేదు. అది విడిగా దొరకలేదు. కార్బురేటర్ వైపు పైపుకు మూత పెట్టి వదిలేశాను. దానివల్ల పికప్‌లో, మైలేజీలో కొంత నష్టం ఉంటుంది. మాస్టారికి ఆ మాట చెప్పే బండి ఇచ్చాను.

తరవాత

ఈసారి టెస్టు మధ్యాహ్నం పన్నెండున్నరకు. టంగుటూరు టోల్‌గేటు దాటి ఒంగోలు దాకా వెళ్ళి, అక్కడ అయిదు నిమిషాలు ఆపి, వెంటనే తిరిగి వచ్చాం. బండి నడిచేటప్పటి కంటే ఆపిన అయిదు పది నిమిషాల్లోనే బానెట్ కింద సెగ ఎక్కువ, అందుకే ఆ ఆపడం. తిరిగి వచ్చాక కాయిల్ మీద అరచెయ్యి పెట్టాను. వేడిగా ఉంది, కానీ చెయ్యి నిలిచింది. ఆ వారంలోనే ఇంకో రెండు మధ్యాహ్నాలు తిప్పమని మాస్టారికి చెప్పి, ఆ తరవాతే డబ్బులు మాట్లాడాను. మొదటిసారి తీసుకున్న దాంట్లో పంపు, పైపుల ఖరీదు ఉంచుకుని కూలి వదిలేశాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి సగం దగ్గర రాజీ పడ్డాం.

నాలుగు నెలల తరవాత పాయింట్లు చూడ్డానికి రమ్మన్నాను. కొద్దిగా బూడిద రంగు తప్ప గుంట లేదు. గ్యాప్ కొంచెం తగ్గితే సరిచేశాను. మైలేజీ పదహారు దాకా వస్తోందని ఆయన పుస్తకం చూపించారు.

షెడ్డులో నేను ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నాను. పదిహేనేళ్ళు దాటిన ఏ పెట్రోలు బండి వచ్చినా, ముందు ఒక కాగితం మీద బ్లాకు ఏది, హెడ్‌కు ఎన్ని వాల్వులు, కార్బురేటరా ఎంపీఎఫ్ఐనా, డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఏముంది, కాయిల్ ఎన్ని ఓమ్‌లు అన్నవి కళ్ళతో చూసి రాసుకుంటాను. అరగంట పని. దానికి డబ్బులు అడిగితే కొందరు గొణుగుతారు.

మాస్టారి బండికి కూడా అలాంటి కాగితం రాసి బానెట్ లోపల అంటించాను: “ఈ బండికి పాయింట్లు ఉన్నాయి. కాయిల్ 3 ఓమ్స్ మాత్రమే. 1996 మోడల్ అని అడిగి కొనొద్దు.” మొన్న వచ్చినప్పుడు చూస్తే అక్కడ నా కాగితం లేదు. దాని బదులు గుండ్రటి చేతిరాతతో కొత్తది, ల్యామినేషన్ కూడా చేయించారు. అన్నీ నా మాటలే. “డిస్టిబూటర్” అని నేను రాసినచోట మాత్రం ఎర్ర ఇంకుతో దిద్ది ఉంది.